తాడిని తన్నిన రికార్డులు: గుమ్మఘట్ట కొలతల్లో అమెరికా పార్కులు

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు ఇప్పుడు రాయలసీమ పల్లెల్లోనూ ఉన్నాయి. చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలను పిల్లలు కారెక్కించి తిప్పేది ఎక్కువగా నేషనల్ పార్కులే. మొత్తం 63 పార్కులు. ఒక్కోదాంట్లో ఒక్కో రికార్డు. కొన్నిట్లో రెండు, మూడు!

వాళ్ల మైళ్లూ గ్యాలన్లూ మనకెందుకు? మన అనంతపురం జిల్లా గుమ్మఘట్ట కొలబద్దలు గుమ్మఘట్టకున్నాయి. బాగా ఎదిగిన తాడిచెట్టు: 60 అడుగులు. అనంతపురం సీమలో ఏడాది వాన: దాదాపు 550 మిల్లీమీటర్లు. నీళ్ల ట్రాక్టరు ట్యాంకరు: 5,000 లీటర్లు. పాత ఉమ్మడి అనంతపురం జిల్లా: 19,130 చదరపు కిలోమీటర్లు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు కదా, ఎవరు ఎవరి తల తన్నారో చూద్దాం. బెల్టు పెట్టుకోండి!

అందరికన్నా పెద్దన్న
ఎల్లోస్టోన్. 1872 మార్చి 1న పుట్టింది. ప్రపంచంలోనే తొలి నేషనల్ పార్కుగా పేరు. మన దేశపు తొలి పార్కు, ఇప్పటి జిమ్ కార్బెట్, వచ్చింది 1936లో. అంటే 64 ఏళ్లు చిన్న తమ్ముడు! ఎల్లోస్టోన్ విస్తీర్ణం 8,983 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగానికి కొంచెం తక్కువ.

అతి పెద్దది
అలాస్కాలోని రాంగెల్-సెయింట్ ఇలియాస్. పక్కనున్న రక్షిత అడవితో కలిపి 53,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. స్విట్జర్లాండ్ దేశాన్ని లోపల పెట్టేసినా ఇంకా చోటు మిగులుతుంది. మన లెక్కలో దాదాపు 3 అనంతపురాలు. దీని తల తన్నేది ఈశాన్య గ్రీన్‌లాండ్ పార్కు: 9,72,000 చదరపు కిలోమీటర్లు, 50 అనంతపురాలు, ఆరు ఆంధ్రప్రదేశ్‌లు! కాకపోతే అది మంచు రాజ్యం, కారు దారి లేదు. మన టూరులోంచి కొట్టేయండి.

అతి చిన్నది
సెయింట్ లూయిస్ నగరంలోని గేట్‌వే ఆర్చ్. 63 పార్కుల్లో ఇదే పిట్ట. కానీ పిట్ట కొంచెం, కూత ఘనం. దాని నడుమ నిలిచిన ఉక్కు తోరణం ఎత్తు 630 అడుగులు. పదిన్నర తాడిచెట్లు! తోరణాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది. రెండు కాళ్ల మధ్య ఎడం కూడా సరిగ్గా 630 అడుగులే. ఎంత పొడవో అంత వెడల్పు.

అతి రద్దీ
గ్రేట్ స్మోకీ మౌంటెన్స్. ఏటా వచ్చిపోయేవాళ్లు కోటీ 20 లక్షలకు అటూఇటూ. గేటు దగ్గర టికెట్టు లేని పార్కు ఇది, కారు ఆపుకోవడానికి మాత్రం రుసుము కట్టాలి. అమెరికాలో దీని మీద గెలిచే పార్కు లేదు. అయితే రోజుకు 60, 70 వేల మంది వచ్చే తిరుమల పక్కన నిలబెడితే ఇది సగమే. మొదటి మార్కు మనకు!

అతి ఖరీదు
గేటు దగ్గర గడ్డురోజులు 2026 జనవరి 1 నుంచి మొదలయ్యాయి. అన్ని పార్కులకూ చెల్లే ఏడాది పాసు అక్కడ నివాసమున్నవారికి 80 డాలర్లు, పై దేశాల వారికి 250 డాలర్లు. పాసు లేకుండా ఎల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్ వంటి 11 పేరున్న పార్కులకు వెళితే పై దేశపు మనిషికి అదనంగా తలా 100 డాలర్లు. కొడుక్కి ఒక రేటు, చూడొచ్చిన తండ్రికి మూడింతల రేటు!

అతి ఒంటరి రోడ్డు
నెవాడాలో 50వ నెంబరు హైవే. 1986లో లైఫ్ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అని వెక్కిరించింది. నెవాడా వాళ్లు ఆ వెక్కిరింతనే బోర్డులు రాయించి పెట్టుకున్నారు! ఊరు దాటితే మరో ఊరికి వంద కిలోమీటర్లకు పైనే. నడుమ టీకొట్టు లేదు, పంక్చరు షాపు లేదు. సద్దిమూట, నీళ్ల క్యాను, నిండు ట్యాంకు లేనిదే దిగకూడని దారి.

అతి ఎత్తైన దారి
రాకీ మౌంటెన్ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. ఎక్కడా తెగకుండా సాగే తారు రోడ్లలో అమెరికాలోకెల్లా ఎత్తైనది: 12,183 అడుగులు. రెండొందల తాడిచెట్లు పేర్చాలి. తిరుమల కొండ మీద తిరుమల కొండ, ఆపైన మరో రెండు పెట్టినా ఇంకా పైనే. అంత ఎత్తున చెట్టు మొలవదు, నాలుగడుగులేస్తే ఆయాసం. చలికాలమంతా మంచు కప్పేసి దారి మూతపడుతుంది.

అతి భారీ చెట్టు
సెకోయా పార్కులో జనరల్ షెర్మన్. ఒంటి మాను ఘనపరిమాణంలో ప్రపంచ విజేత: సుమారు 1,487 ఘనపు మీటర్లు. ఎత్తు 275 అడుగులు, నాలుగున్నర తాడిచెట్లు. నేల దగ్గర చుట్టుకొలత 102 అడుగులు దాటుతుంది. దాదాపు ఇరవై మంది చేతులు కలిపితే గానీ కౌగిట్లోకి రాదు. వయసు సుమారు 2,200 ఏళ్లు. మనవైపు శాతవాహనులు ఏలుతున్న నాటి మొలక!

అతి పొడుగు చెట్టు
రెడ్‌వుడ్ పార్కులో హైపెరియన్. 380 అడుగులు. ఆరు తాడిచెట్లు నిలబెట్టి, పైన ఇంకో 20 అడుగులు! 2006లో కనిపెట్టారు. చూడొచ్చినవాళ్లు చుట్టూ నేలను తొక్కి తొక్కి గట్టిపరిచారని 2022లో ఆ చోటుకు పోకుండా మూసేశారు. గీత దాటితే 5,000 డాలర్ల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు. కళ్లతో చూడ్డానికి వీల్లేని చాంపియన్ ఇదొక్కటే.

అతి ముసలి, అతి దురదృష్టం
ఒంటరి రోడ్డు పక్కనే, గ్రేట్ బేసిన్ పార్కు కొండల్లో, బ్రిసిల్‌కోన్ పైన్ అనే వంకర చెట్లుంటాయి. 1964లో పరిశోధన కోసమని అందులో ఒకదాన్ని నరికేశారు. వలయాలు లెక్కపెడితే 4,862! అప్పటికి తెలిసిన చెట్లన్నిట్లోకీ ముసలిది అదే. దాని వయసు తెలిసిన రోజే దాని చావు. ఆ చోటు నేషనల్ పార్కు అయింది 1986లో, నరికిన 22 ఏళ్లకు.

అతి విశాలమైన గొడుగు
చెట్ల పందెం అయిపోలేదు. యూటాలో పాండో అనే ఆస్పెన్ వనం 106 ఎకరాలు. 47,000 కాండాలు, కింద వేరు మాత్రం ఒక్కటే! కానీ ఒకే చెట్టు పరిచిన నీడ లెక్కకొస్తే కిరీటం కదిరి దగ్గరి మన తిమ్మమ్మ మర్రిమానుదే. 5 ఎకరాలకు పైగా పందిరి, 1989 గిన్నిస్ రికార్డు. షెర్మన్‌ను చూసొచ్చినవాళ్లు దీని కింద కూడా ఒక పూట కూర్చోవాలి. రెండో మార్కు మనకు.

అతి వేడి
డెత్ వ్యాలీ. 1913 జూలై 10న ఫర్నేస్ క్రీక్ దగ్గర 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పుస్తకంలో ఈ నాటికీ అదే భూమ్మీది రికార్డు. మన దగ్గర 43 దాటితే వీధులు ఖాళీ. అక్కడ ఇంకో 13 డిగ్రీలు వేసుకోవాలి!

అతి ఎండు
చాంపియన్ మళ్లీ డెత్ వ్యాలీయే. ఏడాది సగటు వాన 55 మిల్లీమీటర్లు. అనంతపురం వానలో పదో వంతు! దేశంలో జైసల్మేర్ తర్వాత మనమే అని కరువు గురించి చెప్పుకునే మనం అక్కడ నిలబడితే కోనసీమ వాళ్లలా కనిపిస్తాం. 1929లో అక్కడ ఏడాదంతా చినుకే నమోదు కాలేదు. 2023 ఆగస్టు 20న మాత్రం ఒక్క రోజులోనే ఏడాది వాన కురిసి, ఎండిన ఉప్పు మైదానంలో చెరువు లేచింది.

అతి పల్లం, అతి మెరక
డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగులు కింద. ఉత్తర అమెరికాలో దానికన్నా పల్లం లేదు. నాలుగున్నర తాడిచెట్లు పాతిపెట్టినా మొవ్వ సముద్రమట్టం దాటదు. అక్కణ్ణించి 136 కిలోమీటర్ల దూరంలో మౌంట్ విట్నీ: 14,505 అడుగులు, అలాస్కాను పక్కన పెడితే దేశంలోకెల్లా ఎత్తైన శిఖరం. పాతాళానికీ ఆకాశానికీ మధ్య ఎడం అనంతపురం నుంచి కర్నూలుకు పోయేంత కూడా లేదు!

అతి నెమ్మది పందెం
డెత్ వ్యాలీలోనే రేస్‌ట్రాక్ అనే ఎండిన మడుగు. బండరాళ్లు వాటంతట అవే జరిగి, వెనక గీతలు వదిలిపోతాయి. దయ్యమన్నారు, అయస్కాంతమన్నారు. 2014లో గుట్టు బయటపడింది. చలి రాత్రుల్లో పల్చటి నీటి మీద అద్దమంత మంచు పేరుకుంటుంది. పొద్దెక్కాక అది పలకలుగా పగులుతుంది, చిరుగాలికి ఆ పలకలు రాళ్లను నెడతాయి. వేగం నిమిషానికి కొన్ని మీటర్లు మాత్రమే. చీమ కూడా గెలవగల పందెం, అయినా ప్రపంచమంతా చూడొచ్చే పందెం.

అతి లోతైన చెరువు
ఆరెగాన్‌లో క్రేటర్ లేక్. లోతు 1,943 అడుగులు, 32 తాడిచెట్లు. అమెరికాలో దీన్ని మించిన లోతైన చెరువు లేదు. మన భైరవానితిప్ప ప్రాజెక్టుకు నీళ్లు రావాలంటే వేదవతి పారాలి, వేదవతి పారాలంటే పైన కర్ణాటకలో వానలు కురవాలి. క్రేటర్ లేక్‌కు ఏ నదీ దిక్కు కాదు. లోపలికొచ్చే ఏరు లేదు, బయటికి పోయే కాలువ లేదు. సుమారు 7,700 ఏళ్ల కింద అగ్నిపర్వతం కూలి పడిన గుంతలో మంచూ వానా చేరి నిండింది. నిల్వ 600 టీఎంసీలకు పైనే. కట్టిన నాటి తుంగభద్ర డ్యాంలు నాలుగు నింపినా ఇంకా మిగులు!

అతి ఘనమైన లోయ
గ్రాండ్ కాన్యన్. పొడవు 446 కిలోమీటర్లు, అనంతపురం నుంచి బెంగళూరుకు పోయి వచ్చినంత. వెడల్పు కొన్ని చోట్ల 29 కిలోమీటర్లు. లోతు దాదాపు 6,000 అడుగులు: వంద తాడిచెట్లు, లేదా 300 అడుగుల మన గండికోటలు 20! అక్కడ తవ్వింది కొలరాడో నది, ఇక్కడ తవ్వింది మన పెన్న. పనిముట్టు ఒకటే, నీళ్లు. కూలి రోజుల్లోనే తేడా.

అతి పెద్ద చుట్టుదారి
గ్రాండ్ కాన్యన్ దక్షిణపు గట్టు మీద నిలబడితే ఉత్తరపు గట్టు కళ్లెదుటే. గాలిలో దూరం 16 కిలోమీటర్లు. కారులో వెళ్లాలంటే 346 కిలోమీటర్లు, ఐదు గంటలు! వంతెన దొరికే దాకా లోయను చుట్టి రావాల్సిందే. వాగొచ్చినప్పుడు అవతలి ఊరికి చుట్టూ తిరిగి పోయే మన బస్సును తలుచుకోండి, దాని తాతన్నమాట.

అతి పొడవైన గుహ
కెంటకీలోని మామత్ కేవ్. ఇప్పటికి కొలిచింది 686 కిలోమీటర్లు, ఇంకా కొలుస్తూనే ఉన్నారు. మన బెలుం గుహలు 3,229 మీటర్లు. అలాంటివి 212 ముడేస్తే గానీ దీనికి సరిపోవు. లోపల దారి తప్పిన మనిషి ఒక దిక్కున అనంతపురంలో దిగి హైదరాబాదు దాటి తేలవచ్చు!

అతి ఎత్తైన వేన్నీటి చిమ్ము
ఎల్లోస్టోన్‌లో స్టీమ్‌బోట్ గీజర్. చిమ్మితే 300 అడుగులకు పైన, ఐదు తాడిచెట్లు. పనిచేస్తున్న గీజర్లలో ప్రపంచ విజేత. ప్రపంచంలోని గీజర్లలో దాదాపు సగం ఈ ఒక్క పార్కులోనే ఉన్నాయి, 500 పైచిలుకు. అదే పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అంత ఎత్తు లేదు గానీ నిక్కచ్చి మనిషి. గంటన్నరకు అటూఇటూగా లేస్తుంది. ఒక్క విడతకు 14,000 నుంచి 32,000 లీటర్లు: మూడు నుంచి ఆరు ట్యాంకర్ల వేన్నీళ్లు! వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము చూసినవాడికి ఆ దృశ్యం కడుపుమంటే.

అతి పొడవైన ఎదురుచూపు
స్టీమ్‌బోట్ 1911లో చిమ్మింది. తర్వాత 1961 దాకా ఉలుకు లేదు, పలుకు లేదు. 50 ఏళ్లు! అబ్బో అనుకోవద్దు. మన వేదవతి మీద, ఎగువన చిత్రదుర్గం జిల్లాలో ఉన్న వాణీవిలాస సాగరం 1933లో పొర్లి, మళ్లీ పొర్లింది 2022లో. 89 ఏళ్లు! తాత చూసిన నీళ్లను మునిమనవడు చూశాడు. ఓపిక పందెంలో మూడో మార్కు మనకే.

అతి చిన్న హీరో
ఎల్లోస్టోన్ వేడి బుగ్గలో చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో బతికే సూక్ష్మజీవి ఒకటి దొరికింది. పేరు థర్మస్ అక్వాటికస్. 1960లలో థామస్ బ్రాక్ పట్టుకున్నాడు. వేడికి చెదరని దాని ఎంజైమే తర్వాత పీసీఆర్ పరీక్షకు గుండెకాయ అయింది. కోవిడ్ రోజుల్లో పీసీఆర్ కోసం ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతి గుమ్మఘట్ట మనిషీ కంటికి కనబడని ఈ జీవి కుటుంబానికి బాకీ! అక్కడి గ్రాండ్ ప్రిస్మాటిక్ బుగ్గ 370 అడుగుల వెడల్పు, దేశంలోకెల్లా పెద్దది. దాని అంచుల్లో పసుపు, నారింజ రంగులు పులిమింది కూడా ఇలాంటి జీవులే.

అతి వేగం
ప్రాంగ్‌హార్న్. చూపుకు జింకలాంటిది. పరుగు గంటకు 90 కిలోమీటర్ల దాకా. ఉత్తర అమెరికా నేల మీద దాన్ని పట్టే జంతువు లేదు. దాన్ని తరిమిన పాత వేటజంతువులు అంతరించాయి, పరుగు మిగిలింది అంటారు శాస్త్రవేత్తలు. మన కృష్ణజింక 80 కిలోమీటర్లతో వెన్నంటే ఉంది. రేసు పెడితే ఓడేది మనమే, కానీ పరువుగా ఓడతాం.

అతి బరువైన పోటుగాడు
బైసన్. మగది 900 కిలోలు. లేపాక్షి బసవన్నకు ప్రాణమొచ్చి, ఒంటినిండా బొచ్చు మొలిచినట్టుంటుంది. బద్ధకస్తుడిలా మేస్తుంది గానీ లేచిందంటే గంటకు 55 కిలోమీటర్లు! ఎల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచేది ఎలుగుబంటి కాదు, ఇదే. దీనికి 23 మీటర్లు, ఎలుగుకూ తోడేలుకూ 91 మీటర్లు దూరం పాటించాలన్నది అక్కడి నియమం. సెల్ఫీ కర్ర పొడవు ఏ లెక్కకూ చాలదు.

అతి ఎత్తైన దూకుడు
యోసెమిటీ జలపాతం, దేశంలో అతి ఎత్తైనవాటిలో ఒకటి. మూడు అంచెల్లో 2,425 అడుగులు, 40 తాడిచెట్ల మీంచి దూకినట్టు. మంచు కరిగే మే నెలలో హోరు చాలా దూరం వినిపిస్తుంది. వేసవి చివరికి చాలా ఏళ్లు పూర్తిగా ఎండిపోతుంది. ఆగస్టులో వెళ్లినవాళ్లకు తడి చార మిగిలిన బండే దర్శనం. ఆ ఒక్క విషయంలో అది మన హగరికి, అంటే వేదవతికి, అక్కచెల్లెలు.

అతి మొండి గోడ
యోసెమిటీలోనే ఎల్ కాపిటాన్. ఒంటి రాతి గోడ, దాదాపు 3,000 అడుగులు, 50 తాడిచెట్లు. 2017 జూన్ 3న అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా, ఒట్టి చేతులతో ఎక్కేశాడు. పట్టిన సమయం 3 గంటల 56 నిమిషాలు, మామూలు మనిషికి అలిపిరి మెట్లెక్కడానికి పట్టేంత! మరుసటి ఏడు టామీ కాల్డ్‌వెల్‌తో కలిసి, ఈసారి తాడుతో, మరో దారిన 1 గంట 58 నిమిషాల 7 సెకన్లలో ముగించాడు.

అతి తెల్లని ఇసుక
న్యూమెక్సికోలో వైట్ శాండ్స్. 710 చదరపు కిలోమీటర్ల తెల్లటి దిబ్బలు. జిప్సం ఇసుక మేటల్లో ప్రపంచ విజేత. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు చేల మీదికి పాకే ఇసుక దిబ్బలు మనం చూసినవే. మన ఇసుక మిట్టమధ్యాహ్నం కాలు కాలుస్తుంది. జిప్సం అంత వేడెక్కదు, నడినెత్తి ఎండలోనూ చెప్పుల్లేకుండా నడవొచ్చు!

అతి పాత అడుగులు
ఆ వైట్ శాండ్స్‌లోనే మట్టిలో అచ్చుపడిన మనుషుల పాదాలు దొరికాయి. వయసు 21,000 నుంచి 23,000 ఏళ్లు. అమెరికా ఖండాల్లో మనిషి తిరిగిన జాడల్లో అతి పాతవాటిలో ఒకటి. రోడ్డు లేదు, కారు లేదు, పాసూ లేదు. అసలు తొలి రోడ్ ట్రిప్పు వాళ్లదే.

అన్నిటికన్నా పాతది
చివరి కిరీటం. గ్రాండ్ కాన్యన్ పై అంచు రాయి వయసు 27 కోట్ల ఏళ్లు. వంద తాడిచెట్ల లోతుకు దిగితే, అట్టడుగున నల్లటి రాయి: 175 నుంచి 184 కోట్ల ఏళ్లు. దాన్ని తాకడానికి మనుషులు ఒక రోజంతా మోకాళ్లరిగేలా దిగుతారు. మరి మన గుమ్మఘట్ట? అనంతపురం పీఠభూమి ధార్వాడ శిలాఖండం మీద కూర్చుంది. ఈ గుట్టల రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రాండ్ కాన్యన్ అడుగురాయి పుట్టేటప్పటికే మన రాయికి 60 కోట్ల ఏళ్లు దాటాయి! దాన్ని తాకడానికి లోయ దిగక్కర్లేదు, 250 డాలర్లు కట్టక్కర్లేదు. చేను గట్టున పడి ఉంటుంది. దాని మీద మనం చెనిక్కాయలు ఆరబోసుకుంటాం.